వరమా, వాగ్దానమా? జీవసాంకేతిక వైద్యముపై అనంతపురము కరువు సీమ నుండి ఒక విమర్శ

పీఠిక

కొత్త వైద్య పరిశోధనలను గూర్చి మన తెలుగు పత్రికలు వ్రాసేటప్పుడు రెండు మాటలు తరచుగా కనిపిస్తాయి. ఒకటి ‘వరము’, రెండవది ‘సంజీవని’. జన్యువును సరిదిద్దే చికిత్స రక్తవ్యాధి గలవారికి వరమని వ్రాస్తారు. రోగి సొంత కణములతో తయారయ్యే మందు క్యాన్సరుకు సంజీవని అని వ్రాస్తారు. మన ప్రసంగ పీఠముల మీద మూడవ మాట ఒకటి వినిపిస్తుంది; అది ‘వాగ్దానము’. ఈ మూడింటిని ఒకే అర్థములో వాడుట మనకు అలవాటైపోయినది. అవి ఒకటి కావని, జీవసాంకేతిక వైద్యమును గూర్చిన నైతిక ప్రశ్న ఆ తేడాలోనే ఉన్నదని ఈ వ్యాసములో మేము చూపదలచితిమి.

వరము ఇచ్చేవాని ఇష్టము. తపస్సు చేసినవానికి అది దొరుకుతుంది. పొరుగింటివాడు అది తనకూ కావాలని హక్కుగా అడుగలేడు. సంజీవని కథలో మూర్ఛపోయిన లక్ష్మణుడు కొండ దగ్గరకు నడచి వెళ్లలేదు. హనుమంతుడే కొండను పెకలించి మోసుకొని వచ్చాడు. కాబట్టి ఆ మాట వాడిన ప్రతిసారీ మోసినవాడు ఒకడున్నాడని జ్ఞాపకము చేసుకోవాలి. ఇక వాగ్దానము ఒక బాధ్యత. దానికి నాలుగు అంగములున్నవి: ఇచ్చినవారు ఎవరు, ఎవరికి ఇచ్చారు, ఎప్పటిలోగా, ఎవరి ఖర్చుతో. వీటిలో ఏది లోపించినా అది ‘సాధ్యము’ అన్న ప్రకటనగా మిగులుతుంది గాని వాగ్దానమనిపించుకోదు.

ఈ పరీక్షకు మేము ఎంచుకున్న స్థలము అనంతపురము పీఠభూమి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమ, దేశములో అతి తక్కువ వర్షపాతము గల ప్రాంతములలో ఒకటి. శెనక్కాయ పంట చేతికి రాని ఏట కూలి కోసము బెంగుళూరుకు, కేరళకు వలసపోవుట ఇక్కడి కుటుంబములకు తెలిసిన సంగతే. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా విడిపోయి పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. ఈ వ్యాసములో అనంతపురము సీమ అన్నప్పుడు రెండు జిల్లాలు కలిసిన పాత అనంతపురమే మా ఉద్దేశము. మందు ఉన్నదన్న వార్తకు, ఆ మందు మెట్టపొలము కూలివాని ఇంటికి చేరుటకు మధ్య ఎంత దూరమున్నదో ఇక్కడినుండి స్పష్టముగా కనబడుతుంది.

1. సాధించినదానిని తక్కువ చేయరాదు

విమర్శ న్యాయముగా ఉండవలెనంటే ముందు సాధించినదానిని సరిగా చెప్పాలి. 1982లో సూక్ష్మజీవిలో మానవ జన్యువును చేర్చి తయారుచేసిన ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి లభించినది. అంతకు ముందు పశువుల, పందుల క్లోమము నుండి తీసిన ఇన్సులినే దిక్కు. 1986లో అదే తరహా పద్ధతితో ఈస్ట్ కణములలో తయారైన హెపటైటిస్ బి టీకా వచ్చినది. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పాంటియే క్రిస్పర్ అనే జన్యు కత్తెర పనితీరును వివరించారు. 2020లో వారికి రసాయన శాస్త్రములో నోబెల్ బహుమతి లభించినది. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా, సికిల్ సెల్ వ్యాధికి క్రిస్పర్‌పై ఆధారపడిన మొదటి చికిత్సను అనుమతించాయి. 2025 మే నెలలో ఫిలడెల్ఫియా వైద్యులు, పుట్టుకతో వచ్చిన అరుదైన కాలేయ లోపము గల ఒక పసివాని కోసము, ఆ ఒక్క బిడ్డలోని జన్యు దోషమునకే సరిపోయే మందు తయారుచేసి ఇచ్చినట్లు ప్రకటించారు.

మన దేశము కూడా వెనుకబడి లేదు. బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ ఆసుపత్రుల పరిశోధన నుండి పుట్టిన కార్-టి కణ చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చినది. 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దానిని లాంఛనముగా ప్రారంభించారు. రోగి రక్తములోని రక్షక కణములను వెలికి తీసి, క్యాన్సరు కణమును గుర్తుపట్టునట్లు ప్రయోగశాలలో వాటి జన్యువును మార్చి, తిరిగి ఆ రోగికే ఎక్కించుట దీని పద్ధతి. కొన్ని రకముల రక్త క్యాన్సర్లలో ఇతర మందులు విఫలమైన తరువాత కూడా ఇది పని చేస్తున్నది. వీటిని ‘మనిషి గర్వము’ అని ఒక్క మాటతో కొట్టివేయుట అజ్ఞానము.

2. రెండు సులువైన విమర్శలు

సంఘములో ఈ విషయమై రెండు రకముల మాటలు వినిపిస్తున్నవి. మొదటిది, శాస్త్రజ్ఞులు దేవుని స్థానములో కూర్చుంటున్నారన్న అభ్యంతరము. దీనికి ఆధారముగా చూపదగిన సంఘటన లేకపోలేదు. 2018 నవంబరులో చైనా శాస్త్రజ్ఞుడు హే జియాన్‌కుయ్, పిండ దశలో జన్యువులు మార్చిన కవల ఆడపిల్లలు పుట్టినట్లు ప్రకటించాడు. 2019 చివర అక్కడి న్యాయస్థానము అతనికి మూడేండ్ల జైలు శిక్ష విధించినది. కాని ఆ సంఘటనలో అసలు తప్పు ఏమిటో కొంచెము నిలిచి చూడాలి. ఆ పిల్లల తండ్రికి హెచ్.ఐ.వి. ఉన్నది. పిల్లలకు ఆ వ్యాధి సోకకుండా చేయుటయే తన ఉద్దేశమని ఆయన చెప్పాడు. అయితే తండ్రి నుండి బిడ్డకు హెచ్.ఐ.వి. సోకకుండా చేసే సురక్షితమైన మార్గములు అప్పటికే ఉన్నవి. జన్యువు జోలికి పోవలసిన పని లేదు. మన దేశములో తల్లి నుండి బిడ్డకు వ్యాధి సోకకుండా ఆపే ప్రభుత్వ కార్యక్రమము కూడా 2002 నుండి నడుస్తున్నది. అక్కరలేని అపాయమును, అడుగుటకు నోరు లేని పిండము మీద మోపుటయే అక్కడి దోషము. దేవుని స్థానమును ఆక్రమించెనా లేదా అన్న చర్చలో పడితే, ఆ పిల్లల మీద జరిగిన అన్యాయము మన కంటికి ఆనదు.

రెండవది దీనికి ఎదురు మాట. శాస్త్రము ద్వారా వచ్చిన ప్రతి మందును దేవుని అద్భుతముగా ప్రకటించి, కృతజ్ఞతా ప్రార్థనతో ముగించుట. కృతజ్ఞత మంచిదే. కాని అద్భుతమని చెప్పినప్పుడు ధర ఎంత, ఎవరికి అందినది, ఎవరికి అందలేదు అన్న ప్రశ్న అడుగుట అవిశ్వాసముగా కనబడుతుంది. మొదటి మాట శాస్త్రజ్ఞుని నిందిస్తుంది, రెండవ మాట శాస్త్రజ్ఞుని స్తుతిస్తుంది. రెండింటిలోను మంచము మీద ఉన్న రోగి మాత్రము కనబడడు.

3. బేతెస్ద కోనేటి దగ్గర

ఈ రెండింటికి భిన్నమైన చదువునకు యోహాను సువార్త 5వ అధ్యాయము దారి చూపుతున్నదని మా అభిప్రాయము. యెరూషలేములో ఐదు మంటపముల కోనేటి దగ్గర రోగులు గుంపులుగా పడియున్నారు. వారిలో ఒకడు ముప్పది యెనిమిది ఏండ్లుగా రోగి. నీరు కదిలినప్పుడు మొదట దిగినవాడు బాగుపడునన్నది అక్కడి నమ్మకము.

ఇక్కడ పాఠమును గూర్చిన ఒక సంగతి ముఖ్యము. దేవదూత దిగి నీటిని కదలించునని చెప్పే నాలుగవ వచనము, దాని ముందరి వాక్యభాగము మిక్కిలి పురాతనమైన వ్రాతప్రతులలో లేవు. పాపిరస్ 66, పాపిరస్ 75, సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి వీటిలో ఆ మాటలు కనబడవు. అవి తరువాతి లేఖకులు వివరణగా చేర్చినవని పాఠ విమర్శకులలో అత్యధికులు అంగీకరిస్తారు. అనగా మూల పాఠము ఆ నీటికి ఎట్టి హామీ ఇవ్వలేదు. హామీ ఉన్నదని నమ్మినవారు మంటపములలో వేచియున్నవారే.

యేసు ఆ మనుష్యుని మొదట అడిగినది అతని ఇష్టమును గూర్చి. బాగుపడవలెనన్న కోరిక అతనికి ఉన్నదా అన్నదే ఆయన ప్రశ్న. దానికి ఆ మనుష్యుడు ఇచ్చిన జవాబును సాకుగా, సోమరితనముగా వ్యాఖ్యానించే బోధకులు చాలామంది ఉన్నారు. మేము దానిని ఒప్పుకొనము. అతడు నీరు పని చేయదని అనలేదు. తనను నీటిలో దించుటకు మనిషి లేడని, తాను చేరేలోగా మరియొకడు దిగిపోవుచున్నాడని అన్నాడు. వైద్యపు అందుబాటును గూర్చి ఇంతకంటె ఖచ్చితమైన వర్ణన ఎక్కడ దొరుకుతుంది? చికిత్స ఉన్నది, దూరము కొద్ది అడుగులే, కాని కాళ్లున్నవారే ముందు చేరుతారు. అందరికంటె ఎక్కువ అవసరమున్నవాడు అందరికంటె వెనుక ఉంటాడు.

ఈ కథలో ఒక కష్టమైన అంశమున్నది. దానిని దాచుట తగదు. గుంపులో యేసు బాగుచేసినట్లు యోహాను చెప్పినది ఒక్కనిని మాత్రమే. మిగిలినవారి సంగతి సువార్తికుడు వ్రాయలేదు. కాబట్టి ఈ అధ్యాయము ఆరోగ్య విధానమునకు నమూనా కాదు. అది మనకు ఇచ్చేది మూడు ప్రశ్నలు: రోగిని అడిగారా, దించుటకు మనిషి ఉన్నాడా, ఎన్నాళ్లుగా వేచియున్నాడు. ఈ ప్రశ్నలతో తెలుగు నేల మీద జరిగిన కొన్ని సంగతులను ఇప్పుడు పరిశీలింతము.

4. కామెర్ల టీకా: పాతికేండ్ల నిరీక్షణ

జీవసాంకేతిక వైద్యము తెలుగువారి ఇంటికి మొదట వచ్చినది హెపటైటిస్ బి టీకా రూపములో. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో తన తల్లి పేరున హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించారు. విదేశీ సాంకేతికతను కొందామని అడిగినప్పుడు ఎదురైన తిరస్కారమే తనను ఈ పనికి పురికొల్పినదని ఆయన పలుమార్లు చెప్పారు. సి.సి.ఎం.బి. ప్రయోగశాలలలో ఈ పని కొంత సాగినది. 1997లో టీకా విడుదలైనది. దిగుమతి టీకా ఒక్కొక్క మోతాదు వందల రూపాయలు పలుకుతున్న కాలములో ఇది 50 రూపాయలకు వచ్చినది.

ఇక్కడ మూడు తేదీలను పక్కపక్కన ఉంచి చూడాలి. అమెరికాలో ఈ తరహా టీకా వచ్చినది 1986లో. మన దేశములో చవకైన టీకా వచ్చినది 1997లో. ప్రభుత్వ టీకా కార్యక్రమములో 2002లో ప్రయోగాత్మకముగా మొదలై, దేశమంతటికి విస్తరించినది 2011 నాటికి. అనంతపురము పల్లెలోని పసిబిడ్డకు, చదువు లేని కూలి తల్లి ఒడిలో, పైసా ఖర్చు లేకుండా ఈ టీకా అందుట ఖాయమగుటకు పాతికేండ్లు పట్టినది. అందులో మొదటి పదకొండేండ్లు ధరను జయించుటకు, తరువాతి పదునాలుగేండ్లు దారిని వేయుటకు పట్టినవి. చవకైన మందు తయారగుటతోనే పని ముగియదని దీనివలన తెలుస్తున్నది. శీతల పెట్టెతో ఊరూరు తిరిగే ఏ.ఎన్.ఎం. జీతము, ఆమె ఎక్కే బస్సు, టీకా నిలువ ఉంచే ఫ్రిజ్‌కు కరెంటు, ఇవన్నీ ఉన్నప్పుడే ఈస్ట్ కణములో జరిగిన శాస్త్రము బిడ్డ తొడకు చేరుతుంది.

నాలుగు అంగముల పరీక్షలో ఈ టీకా నెగ్గినది. ఇచ్చినవారు తెలుసు, పుట్టిన ప్రతి బిడ్డకు అని తెలుసు, పుట్టిన రోజు మొదలు అని తెలుసు, ఖర్చు ప్రభుత్వానిదని తెలుసు. దీనిని వాగ్దానమని పిలువవచ్చును.

5. ఖమ్మము: అడుగని ప్రశ్న

రెండవ ఉదాహరణ ఇంత సంతోషకరమైనది కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మము జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, పది నుండి పదునాలుగు ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకా ఇచ్చారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వము కలిసి దీనిని నడిపాయి. బాలికల సంఖ్య సుమారు 14,000. వారిలో చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్లలో చదువుకునేవారు. కొందరు బాలికల మరణ వార్తల తరువాత 2010 ఏప్రిల్‌లో కార్యక్రమము ఆగిపోయినది. ఆ మరణములకు టీకా కారణము కాకపోవచ్చునని విచారణ సంఘము చెప్పినది. కాని అంగీకార పత్రముల విషయములో తీవ్రమైన లోపములు బయటపడినవి. ఎన్నో పత్రముల మీద తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకములు చేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము ఈ వ్యవహారమును గట్టిగా ఖండించినది.

టీకా మంచిదే. ఆ క్యాన్సరు మన దేశములో స్త్రీల ప్రాణములను ఎక్కువగా తీసేవాటిలో ఒకటి. 2022లో సీరమ్ సంస్థ తయారుచేసిన స్వదేశీ హెచ్.పి.వి. టీకాకు కూడా అనుమతి లభించినది. అయినను మంచి టీకాను చెడ్డ పద్ధతిలో ఇచ్చినందువలన, ఏండ్ల తరబడి దాని మీద అనుమానము నిలిచిపోయినది. బేతెస్దలో యేసు వేసిన మొదటి ప్రశ్నను ఇక్కడ ఎవరును వేయలేదు. కోయ తల్లిని ఆమె భాషలో, ఆమె ఇంటి ముందు కూర్చుండి అడిగినవారు లేరు. పేదవారికి మేలు చేస్తున్నప్పుడు అడుగవలసిన పని లేదన్న భావము పరోపకారులలోనే ఎక్కువగా ఉంటుంది. ఇది మన మిషను ఆసుపత్రులకు, మన సంఘములు జరిపే వైద్య శిబిరములకు కూడా వర్తించే హెచ్చరిక.

6. అనంతపురము: మోసినవారు

ఇప్పుడు పీఠభూమికి వద్దము. 1996లో మూడు మందులను కలిపి వాడే పద్ధతి హెచ్.ఐ.వి.ని మరణశిక్ష నుండి దీర్ఘకాలిక వ్యాధిగా మార్చినది. అప్పుడు ఆ మందుల ధర ఏడాదికి పదివేల డాలర్లకు పైమాట. 2001లో సిప్లా సంస్థ అదే కలయికను ఏడాదికి 350 డాలర్లకు ఇవ్వజూపినది. తయారీ పద్ధతికి తప్ప మందుకు పేటెంటు ఇవ్వని 1970 నాటి మన చట్టము వలననే అది సాధ్యమైనది. 2005లో ఆ చట్టము మారినది. 2004 ఏప్రిల్ 1 నుండి భారత ప్రభుత్వము ఈ మందులను ఉచితముగా ఇవ్వడము మొదలుపెట్టినది. మందు పుట్టిన తరువాత ఎనిమిదేండ్లు గడచినవి. ఆ ఎనిమిదేండ్లలో పోయినవారికి మందు లేదని చెప్పలేము. ఉన్నది, దించే మనిషి లేడు.

ఈ సీమలో ఆ పనికి పూనుకున్న సంస్థలలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఒకటి. ఒకప్పుడు జెస్యూట్ సభ సభ్యుడైన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము వచ్చి దీనిని స్థాపించారు. 2009లో ఆయన ఇక్కడే మరణించారు. ఆ సంస్థ బత్తలపల్లి ఆసుపత్రి ఈ పీఠభూమి హెచ్.ఐ.వి. రోగులకు పెద్ద దిక్కయినది. అక్కడి వైద్యులు తమ రోగుల సమూహమును ఏండ్ల తరబడి గమనించి, అంతర్జాతీయ పత్రికలలో పరిశోధన వ్యాసములు ప్రచురించారు. ఆ వ్యాసములలో మమ్మును ఆకర్షించినది ఒక అంశము. మందు పని చేస్తున్నదా అన్నదానితో వారు ఆగలేదు. వ్యాధి ఉన్నదని తేలిన తరువాత మందు మొదలగులోపు ఎందరు జారిపోయారు, మొదలుపెట్టినవారిలో ఎందరు తిరిగి రాలేదు అని లెక్కించారు. నీటి గుణమును మాత్రమే కొలిచే శాస్త్రమునకు, మంటపములో మిగిలిపోయినవారిని కూడా లెక్కించే శాస్త్రమునకు తేడా ఇదే.

ఇదే సీమలో మరొక సాక్ష్యమున్నది. 1991లో పుట్టపర్తిలో సత్యసాయి సంస్థ ప్రారంభించిన ఆసుపత్రిలో గుండె శస్త్రచికిత్సలు ఉచితముగా చేశారు. వేదాంతపరముగా మనకు వారితో ఏకీభావము లేకపోవచ్చును. కాని అత్యున్నత సాంకేతికత కరువు సీమకు రాలేదనుటకు, వచ్చినా పేదవానికి అందదనుటకు వీలులేకుండా చేసిన ఉదాహరణ అది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకమును మొదట ప్రారంభించిన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్, శ్రీకాకుళములతోపాటు అనంతపురము ఒకటి. పథకము పేరు తరువాత మారినది, పరిమితులు పెరిగినవి. పెద్ద శస్త్రచికిత్సకు అది ఆసరా అయిన మాట నిజము. కాని ప్రతి నెల కొనవలసిన మాత్రలు, బస్సు చార్జీ, ఆసుపత్రి దగ్గర తోడున్నవారు పోగొట్టుకునే కూలి, ఇవి కుటుంబము మీదనే పడుతున్నవి. మార్కు సువార్తలో తన ఆస్తియంతయు వైద్యులకు వ్యయపరచిన స్త్రీని ఈ సీమలో వెదకనక్కరలేదు.

7. కోట్ల రూపాయల మందులు

పై అనుభవముల వెలుగులో నేటి కొత్త చికిత్సలను చూడాలి. సికిల్ సెల్ వ్యాధికి వచ్చిన క్రిస్పర్ చికిత్సకు అమెరికాలో ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు. వెన్నెముక కండరముల క్షీణతకు ఇచ్చే జన్యు చికిత్స ధర సుమారు 16 కోట్ల రూపాయలు. 2021లో హైదరాబాదులో ఒక పసివానికి వేలాది మంది దాతల విరాళములతో ఆ మందు ఇప్పించారు. ఆ దాతల మనసు గొప్పది. కాని ఆ పద్ధతిని వాగ్దానమని అనలేము. ఫోటో, వీడియో, ఇంగ్లీషులో విజ్ఞప్తి వ్రాయగల బంధువు, పరిచయములు, ఇవన్నీ ఉన్న కుటుంబము ముందు నీటిలో దిగుతుంది. అదే వ్యాధితో కళ్యాణదుర్గము పల్లెలో పుట్టిన బిడ్డకు వ్యాధి పేరు తెలియుటయే కష్టము.

స్వదేశీ కార్-టి చికిత్స విదేశీ ధరలో సుమారు పదవ వంతుకే లభిస్తున్నది. అయినను అది ముప్పై, నలభై లక్షల రూపాయల మాట. అయితే ఇక్కడ ఒక తేడా ఉన్నది. దీనిని కన్నది ప్రజాధనముతో నడిచే విద్యాసంస్థ, ప్రజాధనముతో నడిచే ఆసుపత్రి. అగ్గిపెట్టె కొన్నప్పుడు పన్ను కట్టిన శెనక్కాయ రైతు కూడా దానికి పెట్టుబడిదారుడే. కాబట్టి ఆ చికిత్స తమకు ఎప్పుడు, ఏ ఖర్చుతో అందునని అడిగే హక్కు ఈ సీమ ప్రజలకున్నది. వరమును అడిగి పుచ్చుకొనలేము, బాకీని అడుగవచ్చును.

8. రెండు అభ్యంతరములు

మా వాదమునకు రెండు అభ్యంతరములు రావచ్చును. మొదటిది: నేటి ఖరీదైన మందు రేపు చవక అగును, కాలమే దీనికి పరిష్కారము. చరిత్ర దీనిని పూర్తిగా సమర్థించదు. కామెర్ల టీకా ధర ఒక వ్యక్తి పట్టుదలవలన తగ్గినది. హెచ్.ఐ.వి. మందు ధర ఒక చట్టము, ఒక సంస్థ, రోగుల ఉద్యమములు కలిసి పని చేసినందున తగ్గినది. తనంతట తాను తగ్గినది ఏదియు లేదు. పైగా టీకాను, మాత్రను లక్షల సంఖ్యలో తయారుచేయవచ్చును. ఒక్కొక్క రోగికి విడిగా తయారగు కణ చికిత్సకు ఆ సౌలభ్యము తక్కువ.

రెండవది: త్రాగునీరు సరిగా లేని సీమకు జన్యు చికిత్స ఎందుకు? ఫ్లోరైడు లేని నీరు, పిల్లలకు పౌష్టికాహారము, ఊరికి నర్సు, ఇవి ముందు కావద్దా? ఇవి ముందే కావాలి, సందేహము లేదు. కాని ఈ వాదములో ఒక అపాయము దాగియున్నది. పేదవానికి మోటు రోగములు, మోటు మందులు చాలునని, సూక్ష్మమైన చికిత్స నగరవాసులకని ఇది నెమ్మదిగా ఒప్పుకుంటుంది. ధర్మవరము నేత కార్మికుని బిడ్డకు కూడా రక్త క్యాన్సరు వస్తుంది. నీరు, జన్యువు అన్న రెండింటిలో ఒకటి ఎన్నుకొమ్మని ఆ తండ్రిని అడుగుట అన్యాయము. హైదరాబాదు తండ్రిని ఎవరును అలా అడుగరు.

ముగింపు

ఈ పరిశీలన నుండి కాపరులకు, వేదాంత విద్యార్థులకు మేము కొన్ని సంగతులు మనవి చేయుచున్నాము.

సంఘములోని కుటుంబము ఏదో కొత్త చికిత్స కోసము పొలము అమ్ముటకు సిద్ధపడి సలహా అడిగినప్పుడు, ‘విశ్వాసముంచండి’ అని గాని, ‘దేవుని చిత్తమునకు విడిచిపెట్టండి’ అని గాని చెప్పి పంపివేయరాదు. నాలుగు అంగములను వారితో కూర్చుండి విచారించాలి. ముఖ్యముగా మూలకణముల పేరిట చేసే ప్రకటనల విషయములో జాగ్రత్త అవసరము. ఎముక మజ్జ మార్పిడి వంటి నిర్ధారితమైన రక్తవ్యాధి చికిత్సలు తప్ప, ఇతర రోగములకు మూలకణములను డబ్బు తీసుకొని చికిత్సగా ఇవ్వరాదని ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకములు చెబుతున్నవి. ఈ ఒక్క సంగతి తెలిసిన కాపరి ఒక కుటుంబపు రెండెకరములను కాపాడగలడు.

స్వస్థత కూటములలో హెచ్.ఐ.వి., క్షయ, మధుమేహ రోగులను మందులు మానివేయమని చెప్పుట ప్రాణాపాయము. అట్టి బోధను సంఘ పెద్దలు బహిరంగముగా ఖండించాలి. మందు ఆపినవాడు చనిపోయినప్పుడు, ఆ లెక్క బోధకుని ఖాతాలోనే ఉంటుంది.

అంగీకార పత్రము ఇంగ్లీషులో ఉన్నప్పుడు దానిని చదివి, మన మాటలలో వివరించి, ‘వద్దు’ అనే స్వేచ్ఛ వారికున్నదని చెప్పగలవారు ప్రతి సంఘములో ఒకరైనా ఉండాలి. సమరయుడు రెండు దేనారములు పూటకూళ్లవానికిచ్చి, ఇంకేమైన ఖర్చయితే తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని ఒప్పుకొన్నాడు. నెలకొకసారి బత్తలపల్లికో, అనంతపురము ప్రభుత్వ ఆసుపత్రికో పోయి రావలసిన రోగికి బస్సు చార్జీ, ఆ దినపు కూలి సమకూర్చుట పల్లెలోని ఏ చిన్న సంఘమునకైనా సాధ్యమే. దానికి జన్యుశాస్త్రము తెలియనక్కరలేదు.

చివరిగా, మన వేదాంత కళాశాలల నీతిశాస్త్ర పాఠ్యప్రణాళికలో జీవసాంకేతికతను గూర్చి ఇప్పుడున్నది చాలావరకు పాశ్చాత్య గ్రంథముల చర్చ: పిండము ఎప్పుడు మనిషి అగును, క్లోనింగు తగునా తగదా అని. ఆ ప్రశ్నలు అవసరమే. వాటి పక్కన ఖమ్మము అంగీకార పత్రములు, కామెర్ల టీకా తేదీలు, బత్తలపల్లి వైద్యులు లెక్కించిన, తిరిగి రాని రోగుల సంఖ్యలు కూడా పాఠములుగా చేరాలి. మన విద్యార్థులు రేపు కాపరులై వెళ్లేది ఆ రోగుల ఊళ్లకే.